కుడిపక్కకు ఒరగకూడదు

"ఉప్పు జాడీ యాడ పెట్టినావు?"

దావీదురాజు ఆ మాట అడగడం అది మూడోసారి. ముందున్న కంచంలో మజ్జిగన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఏసుమణి పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే, "దొరకదు. వెతకొద్దు" అంది.

"ఉప్పు లేని మజ్జిగన్నం ఖైదీలకు కూడా పెట్టరు. పోలీసు ఉద్యోగం చేసినోన్ని, నాకు తెలుసు."

"ఖైదీలకు కామెర్లు లేవు. మీకుండాయి. నమ్మకపోతే అద్దంలో కండ్లు చూసుకోండి."

"చిటికెడు ఏస్తే ఏమైతాది?"

"మందు పారదు. మూడు పూటల పసరు, మూడు రోజుల పథ్యం. నిన్నొకటి అయింది, ఈ పొద్దు రెండోది. రేపు మూడోది తాగినాక జాడీ మొత్తం తెచ్చి మీ ముందర పెడతా, నాక్కోండి."

దావీదురాజు కంచం పక్కకు నెట్టి, గోడవారగా ఉన్న మంచం మీద పడుకున్నాడు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి. ఆ నొప్పిని చేత్తో అదిమిపట్టి గోడవైపు తిరిగాడో లేదో, ఏసుమణి గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది. రెండో చేత్తో భుజం పట్టి, దోసె తిరగేసినట్టు ఒక్క ఊపున ఆయనను ఎడమపక్కకు తిప్పేసింది.

"కుడిపక్కకు ఒరగొద్దని ఎన్నిసార్లు చెప్పాల? కార్జం ఉండేది ఆ పక్కే గదా. దాని మీద పండుకుంటే మందు యాడికి దిగుతాది? పొద్దుగూకేదాకా ఇట్లనే ఉండండి. బయట ఎవరితోనూ ఈ మాట అనొద్దు. అన్నారంటే తాగిందంతా దండగే."

"ఇంతకీ ఈ పసరు ఎవరిచ్చినారు?"

"పేరు చెప్పకూడదు."

మామూలు రోజైతే ఈపాటికి లోపలి గది తలుపు తెరుచుకునేది. కూతురు జ్ఞానమణి బయటికి వచ్చి, పసరులూ పథ్యాలూ ఏమిటని తల్లితో వాదం పెట్టుకునేది. ఆమె డాక్టరు. అందులోనూ కార్జం జబ్బులే చదువుకుంటున్న డాక్టరు. కానీ ఈ ఆదివారం ఆ తలుపు కదల్లేదు. శుక్రవారం సాయంత్రం లోపలికి వెళ్లిన పిల్ల మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

"మధ్యాహ్నం బాలస్వామి అన్నానికి వస్తాడు," అంది ఏసుమణి గొంతు తగ్గించి. "ఆ పిల్లోడు చెప్తేనన్నా రెండు ముద్దలు తింటాదేమో."

దావీదురాజు లేచి చొక్కా తొడుక్కున్నాడు. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా నేర పరిశోధనలు చేయడం మొదలుపెట్టాక ఎందరి ఇళ్లలోనో ఏడుపులు విన్నాడు. సొంత ఇంట్లో ఏడుపు కూడా లేని ఈ మౌనాన్ని ఎక్కడి నుంచి పట్టుకుని లాగాలో ఆయనకు తెలియడం లేదు.

జరిగింది ఇది. నందికొట్కూరు దారిలో ఉన్న మిషన్ ఆసుపత్రికి పెద్దడాక్టరు గాబ్రియేలు. కడుపు జబ్బులకూ, కార్జం జబ్బులకూ ప్రత్యేకంగా డాక్టర్లను తయారు చేయాలన్నది ఆయన పట్టుదల. అందుకు ఇద్దరిని ఎంచుకున్నాడు, ఒకరు జ్ఞానమణి, రెండోవాడు ఓర్వకల్లు నుంచి వచ్చి, ఈ ఇంట్లో మామా, అత్తమ్మా అంటూ చనువుగా తిరిగే బాలస్వామి. మేక కార్జాన్ని కుండలో పెట్టి, కుండ మూతికి తడిగుడ్డ బిగించి, దాని గుండా సన్నటి సూది దించి వడ్లగింజంత ముక్కను బయటికి తీయడం వాళ్లకు నెలల తరబడి నేర్పాడు. శిక్షణ ఈ నెలతో ముగుస్తుంది. ఒకరిని మద్రాసు పంపి, తిరిగొచ్చాక వార్డంతా అప్పగిస్తానన్నాడు. ఆ ఒక్కరూ జ్ఞానమణేనని ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

శుక్రవారం పొద్దున ఆమె, కామెర్లతో చేరిన ఎర్రగుంట్ల బండల గనుల యజమాని బొజ్జన్నకు అట్లా కార్జంలో సూది వేసింది. సాయంత్రానికి బొజ్జన్న చనిపోయాడు. శవపరీక్షలో కడుపు నిండా నెత్తురు కనిపించింది. చేతగాని పిల్లతో ప్రాణం తీయించారని బొజ్జన్న తమ్ముడు ఫిర్యాదు ఇచ్చాడు. రేపు పొద్దున సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అయ్యన్న ఆమెను అరెస్టు చేయడానికి వస్తాడు.

అయ్యన్న ఆసుపత్రిలో బొజ్జన్న చనిపోయిన గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. పక్కనే గాబ్రియేలు డాక్టరు తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు రోజుల్లోనే ఆ పెద్దాయన మెడ మరింత వంగిపోయింది.

"ఏమప్పా దావీదురాజూ," అన్నాడు అయ్యన్న. "కర్నూలు నుంచి రాజధాని పోయింది గానీ నీ పెత్తనం పోలేదే. నీ కూతురి కేసులో నువ్వు తనిఖీ చేయొచ్చా?"

"చేయకూడదు. అందుకే నిన్ను అడుగుతాండా. నువ్వు చూస్తాండగానే చూస్తా. ఏదీ ముట్టుకోను."

"ముట్టుకున్నా ఏం లేదులే. గది మొత్తం గాలించినా. దెబ్బ సూదిది, సూది పట్టింది నీ కూతురు. ఇంక పరిశోధనేముండాది?"

"సూది సరైన చోటే దిగింది," అన్నాడు గాబ్రియేలు. "నేను పక్కనే ఉన్నా. నెత్తురు బాగా గడ్డకట్టేటట్టు ముందే ఇంజెక్షన్లిచ్చి, పరీక్ష చేసి, అప్పుడే వేసింది. బొజ్జన్న ఊపిరి వదిలి బిగబట్టినాడు. ముక్క ఒక్కసారికే వచ్చింది. నా చేత్తో చేసినా అంతకంటే బాగా రాదు."

"మరి ఎట్ల చచ్చిపోయినాడు సార్?"

గాబ్రియేలు తాళంచెవి తాళంలో పెట్టాడు. "ఇంక ఎవరికీ నేర్పను," అని గొణిగి తలుపు తీశాడు.

గదిలో ఒకే మంచం. దాని కుడివైపు గోడకు ఆని ఉంది.

"అన్ని గదుల్లోనూ మంచం ఇట్లనే ఉంటాదా డాక్టర్?" అని అడిగాడు దావీదురాజు.

"సూది వేసే గదులన్నిట్లో ఇట్లనే. సూది దిగినాక రోగి సాయంత్రం దాకా కుడిపక్కకే పడుకోవాల. పక్కటెముకల కింద ఇసుకసంచి పెడతాం. ఒంటి బరువుకు కార్జం అదుముకుని, సూది పోటు మూసుకుంటాది. గోడ ఎదురుగా ఉంటే మనిషి పొర్లడు."

"అంటే మొహం గోడకుంటాది."

"అవును."

దావీదురాజు గోడను తేరిపార చూశాడు. సున్నం మీద మరకా లేదు, కడిగిన జాడా లేదు. తరువాత మంచానికి ఇవతలి వైపు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పక్కటెముకల కింద నొప్పి కలుక్కుమంది. నేలంతా కడప బండలు. కడిగిన నేలే, అయినా తలగడకు సూటిగా కింద రెండు బండల మధ్య సందులో సన్నటి పచ్చటి మరక మిగిలి ఉంది. వంగి వాసన చూశాడు. ఆ వాసన ఎక్కడో తగిలినట్టనిపించింది. ఎక్కడో కాదు, పొద్దున తను పట్టుకున్న ఇత్తడి గ్లాసులోనే. నలిపిన ఆకు, మేకపాలు.

"వాంతి చేసుకున్నాడా?"

"పోయేముందు చేసుకున్నాడంట," అన్నాడు అయ్యన్న. "పైత్యం గదప్పా, పచ్చగానే ఉంటాది. దానికి కూడా నీ కూతురు కారణం కాదంటావా?"

"రంగు సంగతి పక్కన పెట్టు. ఏ పక్క పడిందో చూడు. గోడవైపు తిరిగి పండుకున్న మనిషి వాంతి గోడ మీద పడాల, పక్క మీద పడాల. గోడ మీద చుక్క లేదు. ఇవతల నేల మీద పడింది."

"వాంతి వస్తే ఎవడన్నా ఇటు తిరుగుతాడు."

"సూది నొప్పి మీదున్నోడు ఇసుకసంచిని దాటుకుని తనంతట తాను తిరుగుతాడా? డాక్టర్, ఇసుకసంచి యాడుండాది?"

గాబ్రియేలు చుట్టూ చూశాడు. సంచి కిటికీ గూట్లో ఉంది. ఎవరో ఒద్దికగా తీసి పెట్టినట్టు నిలువుగా ఉంది.

"చనిపోయినాక నర్సు తీసి పెట్టి ఉంటాది," అన్నాడు అయ్యన్న.

"అడిగినావా?"

అయ్యన్న అడగలేదు. అడగలేదన్న సంగతి ఆయన మొహమే చెప్పింది. ఆయనకు కోపం తెచ్చింది కూడా అదే. "చూడప్పా, నువ్వు తండ్రివి. నీ బాధ నాకర్థమైతాది. కానీ బండల సందులో పచ్చమరక పట్టుకుని నేను కేసు మూసేయలేను. రేపు పొద్దున వస్తా. పిల్లను తయారుగా ఉంచు. నలుగురి ముందర చేయి పట్టుకుని లాగేది నాకూ ఇష్టం లేదు."

"శుక్రవారం ఇక్కడ కాపలా ఎవరిది?" అని దావీదురాజు గాబ్రియేలును అడిగాడు.

"జ్ఞానమణిని నేనే వేరే రోగి దగ్గరికి తీసుకుపోయినా. ఈడ బాలస్వామి ఉన్నాడు. రోగి కదలకుండా పడుకునే ఉన్నాడని చెప్పినాడు."

దావీదురాజు ఆసుపత్రి వెనక్కు నడిచాడు.

బొజ్జన్న భార్య ఈరక్క ఆసుపత్రి వెనుక, రోగుల బంధువులు వండుకునే వసారాలో ఒక్కతే కూర్చుని ఉంది. తెచ్చుకున్న గిన్నెలన్నీ మూట కట్టేసింది. తీసుకుపోవడానికి మరిది బండి తెస్తానన్నాడట, ఇంకా రాలేదు.

"ఆ డాక్టరమ్మ తండ్రిని," అన్నాడు దావీదురాజు ఎదురుగా కూర్చుంటూ.

ఈరక్క మొహం తిప్పుకుంది. "నాతో ఏం పని నాయనా? పోయినోడు పోయినాడు."

"శుక్రవారం పొద్దున మీ ఆయనకు ఏం తాగిచ్చినావమ్మా?"

"ఏం లేదు. గంజి కూడా తాగొద్దన్నారు."

"పసరు?"

ఆమె మూట ముడి విప్పి మళ్లీ కట్టింది. దావీదురాజుకు అర్థమైంది. ఈమెను బెదిరిస్తే లాభం లేదు. పసరు సంగతి బయటపెడితే మందు పారదన్న భయం మనిషి పోయిన తరువాత కూడా ఆమెను వదల్లేదు. ఏసుమణి అయినా ఇట్లాగే కూర్చుంటుంది.

ఆయన ముందుకు వంగి రెండు కళ్ల కింది రెప్పలూ వేలితో లాగి చూపించాడు.

"చూడు తల్లీ. పసుపు పూసినట్టున్నాయా? నాకూ కామెర్లే. మా ఇంటిదీ పసరు పోస్తాంది. నిన్నొక పూట, ఈ పొద్దు ఒక పూట. ఎవరితోనూ అనొద్దంది. ఇదిగో, నీతో అనేసినా. నా మందు చెడిపోయింది. పోనీ. నా బిడ్డ రేపు జైలుకు పోతాంది. ఇప్పుడు నువ్వు చెప్పు."

ఈరక్క ఆ కళ్లలోకి వంగి చూసింది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు చెప్పుకున్నావు నాయనా, ప్రాణం మీదికి తెచ్చుకుంటివి గదా," అంది ముందు. ఆ తరువాత మాటలు వాటంతట అవే వచ్చాయి. "శుక్రవారం మూడో పూట. తెల్లారకముందే తాగిచ్చినా. ఆ పొద్దే సూది అంటిరి. వద్దంటే మా మరిది వినడాయె. సూది ఏసినాక డాక్టరమ్మ వచ్చి కుడిపక్కకు పండుకోబెట్టింది. నా గుండె జారిపోయింది. మూడో పూట తాగినోడు కుడిపక్కకు ఒరిగితే ఇంకేముండాది? డాక్టరమ్మకు చెప్పలేను, చెప్తే మందు చెడిపోతాది. ఏడుస్తా నిలబడినా. ఆ ఇంకో డాక్టరు చూసినాడు."

"ఏ డాక్టరు?"

"డాక్టరమ్మతో పాటు సూది నేర్చుకుంటుండే ఆయప్ప. ఓర్వకల్లు తట్టు మాట. 'ఏం పెద్దమ్మా, పసరు పోసినావా' అని తనే అడిగినాడు. నేను నోరు తెరవలేదు. 'నాకు తెలుసులే, మా అవ్వ కూడా ఇస్తాది, ఎడమపక్కకు తిప్పుకో, నేను చూసుకుంటా' అన్నాడు. ఇసుకసంచి తనే తీసి గూట్లో పెట్టినాడు. దేవునట్లా వచ్చినాడనుకున్నా. నా చేత్తోనే తిప్పినా నాయనా. కొంచేపటికి ఆయనకు చెమటలు పట్టినాయి. మందు పనిచేస్తాందనుకున్నా."

దావీదురాజు లెక్క కట్టుకున్నాడు. సూది వేసిన మనిషిని ఎడమకు తిప్పితే ఏమవుతుందో అప్పుడు ఈమెకు తెలియదు. పసరు తాగిన మనిషి కుడికి ఒరగడన్న సంగతి జ్ఞానమణికి తట్టలేదు. సొంత ఇంట్లో తల్లి పసరులు నమ్మే మనిషే అయినా, రోగిని ఆ ప్రశ్న అడగాలన్న ఆలోచన రాలేదు. ఈ రెండూ తెలిసినవాడు ఆ ఆసుపత్రిలో ఒక్కడే.

"ఎడమకు తిప్పినందుకే సూది పోటు మూసుకోక లోపల నెత్తురు కారింది తల్లీ. ఈ మాట ఇన్‌స్పెక్టరుతో చెప్తావా?"

"చెప్పను." ఆమె గొంతు గట్టిపడింది. "పిలిచి అడిగితే లేదంటా. బిడ్డ మీద ఒట్టేసి లేదంటా. మొగున్ని నా చేతులతో చంపుకున్నానని తెలిస్తే మా మరిది గడప తొక్కనిస్తాడా? నీ బిడ్డకు నువ్వుండావు. నాకెవరుండారు?"

దావీదురాజు లేచి గేటు వైపు నడిచాడు.

గేటు దగ్గర అయ్యన్న జీపు ఎక్కబోతుంటే ఆపి సంగతంతా చెప్పాడు. అయ్యన్న నవ్వలేదు.

"ఆమె ఒప్పుకోదు. బాలస్వామి ఒప్పుకోడు. నీ మాట తప్ప సాక్ష్యమేముండాది?"

"రేపు మధ్యాహ్నం దాకా అరెస్టు ఆపు. ఆ గదికి పక్క గది ఉండాది. మధ్య తలుపు సందులో నుంచి మంచం బాగా కనపడతాది. తెల్లారేసరికి నువ్వు ఆడ కూర్చో. ఎవరికీ తెలియకూడదు, గాబ్రియేలుకు తప్ప."

"సరే, మధ్యాహ్నం దాకా ఆగుతా. కూర్చుంటా అనుకో. మంచం మీద ఎవరుంటారు?"

దావీదురాజు సైకిలెక్కాడు.

ఇంటికి వచ్చేసరికి బాలస్వామి వంటింటి గడప దగ్గర నిలబడి, ఆకులో చుట్టిన చిన్న పొట్లం ఒకటి ఏసుమణి చేతికి ఇస్తున్నాడు. ఆమె దాన్ని గబుక్కున కొంగు చాటుకు తీసుకుంది. దావీదురాజు చూడనట్టే చెప్పులు విడిచాడు. రేపటి మూడో పూట. పేరు చెప్పకూడని మనిషి ఎవరో తెలిసిపోయింది.

"వచ్చినారా మామా," అన్నాడు బాలస్వామి. "మొహమంతా వాడిపోయిందే. ఏమన్నా దొరికిందా?"

"ఏం దొరుకుతాదప్పా. దారులన్నీ మూసుకున్నాయి."

నలుగురూ చాప మీద కూర్చున్నారు. బాలస్వామి పిలిస్తే జ్ఞానమణి బయటికి వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. ప్రార్థన బాలస్వామే చేశాడు. ఈ ఇంటి కష్టం తీర్చమని, డాక్టరమ్మ చేతులకు బలమివ్వమని నిదానంగా, చక్కటి మాటలతో చేశాడు. ఏసుమణి కళ్లు తుడుచుకుంటూ ఆమెన్ అంది. కళ్లు మూసుకోనిది దావీదురాజు ఒక్కడే.

"రెండు ముద్దలు తిను జ్ఞానమణీ," అన్నాడు బాలస్వామి మాంసం కూర ఆమె కంచం వైపు జరుపుతూ.

జ్ఞానమణి తినలేదు. "రేపు వాళ్లు వచ్చేదాకా ఉండను," అంది అన్నం వైపే చూస్తూ. "నేనే స్టేషనుకు పోయి తప్పు నాదేనని రాసిస్తా. గాబ్రియేలు సార్ పేరు దాంట్లోకి రాకూడదు. ఇంక సూది పట్టుకోను. పట్టుకోవాలన్నా ఈ చేయి ఆగదు." చెయ్యెత్తి చూపించింది. వేళ్లు నిజంగానే వణుకుతున్నాయి.

ఏసుమణి ఏడుపు ఆపుకోలేక లేచి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో ఉప్పు జాడీ ఉంది. దాన్ని భర్త కంచం పక్కన పెట్టింది.

"ఏసుకోండి. ఇంక నేను మిమ్మల్ని ఏమీ అనను. ఈ ఇంట్లో పథ్యం ఒక్కటి నిలబడి ఏం లాభం?"

దావీదురాజు జాడీ మూత మీద వేలు పెట్టాడు. పొద్దుటి నుంచి నాలుక దానికోసం పీకుతూనే ఉంది. చెప్పేశాడు కాబట్టి మందు ఎట్లాగూ చెడిపోయినట్టే. కానీ బాలస్వామి ముద్ద కలపడం ఆపి ఆ వేలినే చూస్తున్నాడు.

జాడీని వెనక్కు నెట్టాడు. "వద్దు. రేపటితో అయిపోతాది గదా. పథ్యం చెడగొట్టను."

బాలస్వామి మళ్లీ ముద్ద కలిపాడు.

"నేనొకటి అనుకున్నా," అన్నాడు దావీదురాజు. "అందరూ ఉండారు కాబట్టి ఇప్పుడే చెప్తాండా. నా కార్జంలో సూది వేసి చూడాలని గాబ్రియేలు డాక్టరు నెల నుంచి అడుగుతాండాడు. రేపు పొద్దున వేయించుకుంటా. బొజ్జన్న గదిలోనే. సూది దించేది జ్ఞానమణి."

"నాన్నా, నా చేయి చూసినావు గదా."

"చూసినా. కుండలో మేక కార్జం బదులు నాది ఉండాదనుకో. సూది దిగి, నేను లేచి ఇంటికి నడిచొస్తే నువ్వు స్టేషనుకు పోయే పని లేదు. అయ్యన్న రేపు మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు. అంతకంటే గడువు లేదు మనకు."

"రేపు వద్దండీ," అంది ఏసుమణి. ఇంకేదో అనబోయి ఆగిపోయింది. ఆమె చూపు క్షణం పాటు బాలస్వామి మీద నిలిచింది. ఫరవాలేదన్నట్టు అతను కళ్లతోనే సైగ చేశాడు. ఆ సైగ దావీదురాజు చూశాడు. భార్యకు నిజం చెప్పాలని గొంతు దాకా వచ్చింది. చెబితే ఆ సంగతి ఆమె మొహంలో బయటపడిపోతుంది. చెప్పకపోతే, పొద్దున తనను ఒక్క ఊపున తిప్పేసిన ఆ చేతులే రేపు మళ్లీ తన భుజం పట్టుకుంటాయి. అయ్యన్న ఆ తలుపు సకాలంలో తీస్తాడని ఎవరు చెప్పగలరు?

"మంచి ఆలోచనే మామా," అన్నాడు బాలస్వామి. "సూది దిగినాక మీ దగ్గర కాపలా ఎవరు?"

దావీదురాజు ఉప్పు లేని ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగాడు.

"నువ్వే. నీకు తోడు మీ అత్తమ్మ ఉంటాది."